మూడో చుట్టులో దొరకని నాలుగు గళ్ళు

నేను గిటారిస్టునంటే మా ఊళ్ళో ఎవరూ కాదనలేదు. చేతిలో ఉండగా చూశామనేవాళ్ళు. విన్నామని మాత్రం ఎవరూ అనలేదు. తప్పు వాళ్ళది కాదు. వెనకనుంచి దరువు కలిపే రిథమ్ గిటార్ పప్పులో ఉప్పులాంటిదని మా ఆర్కెస్ట్రా మాస్టారు నన్ను ఊరడించేవాడు గానీ, నా ఉప్పు పడకపోయినా ఆ పప్పు అలాగే ఉండేది. పొదిలిలో ఒక పెళ్ళి రిసెప్షన్‌లో గంటన్నర సేపు ఊగిపోతూ వాయించి, టీకని దిగినప్పుడు చూసుకుంటే నా వైరు రెండో కొస నా కాళ్ళ దగ్గరే చుట్టగా పడుంది. ఆంప్లిఫయర్‌కి పెట్టనేలేదు. గంటన్నరలో ఎవరూ కనిపెట్టలేదు. ఎవరూ అంటే నాతో సహా.

తొంభైల చివరి సంగతి ఇది. సీడీలు అప్పుడప్పుడే గుంటూరు షాపుల్లో అద్దాల వెనక మెరుస్తున్నాయి గానీ మా బతుకంతా ఇంకా క్యాసెట్ల మీదే నడిచేది. మా ఊరు గుంటూరుకీ సత్తెనపల్లికీ మధ్య. మాకు రెండెకరాల మిరప, మరో ఎకరం పత్తి. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను నిలబెట్టి ఒక ప్రశ్న అడిగితే, నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే బయటికి నడిచాను. మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. ఆ జవాబు కోసం ఆయన ఇంకా చూస్తున్నాడేమో తెలియదు. అప్పటినుంచీ నాకొక జబ్బు ఉంది. కూర్చున్నచోట కూర్చోలేను. బస్సులో సీటు దొరికినా ఫుట్‌బోర్డు మీదే నిలబడతాను. గిటార్ పట్టుకున్నాక ఆ జబ్బు కాళ్ళనుంచి వేళ్ళకి పాకింది, అంతే.

మా ఆర్కెస్ట్రాల లోకంలో ఒకటే మెచ్చుకోలు ఉండేది. "అచ్చం క్యాసెట్‌లో ఉన్నట్టే ఉంది." దానికి మించిన బిరుదు లేదు. పాట మధ్యలో పాడినాయన ఎక్కడ ఊపిరి పీల్చాడో మా గాయకుడు అక్కడే పీల్చేవాడు. మా ఫ్లూటాయన దగ్గరున్న ఒక క్యాసెట్‌లో టేపు నలిగి ఒకచోట స్వరం వణికేది. ఆయన అక్కడ వణికేవాడు. కొత్త క్యాసెట్ కొనుక్కున్నాక కూడా వణికాడు, అలవాటైపోయి. ఒక పాటని విని, తీగ తీగా పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు వాయించడాన్ని 'దించడం' అనేవాళ్ళం. బాగా దించేవాడు గొప్పవాడు. సొంతంగా ఏదన్నా కలిపితే మాస్టారు కీబోర్డు మీదనుంచి తలెత్తి చూసేవాడు. ఆ చూపు తర్వాత ఎవరూ కలిపేవాళ్ళు కాదు.

ఆ ఏడాది మా లీడ్ గిటార్ ఆయన, పాటల మధ్య బిట్లన్నీ వాయించేవాడు, సినిమాల్లో అదృష్టం చూసుకుంటానని హైదరాబాద్ వెళ్ళిపోతున్నాడు. సీటు ఖాళీ అవుతోంది. ఆరేళ్ళుగా వెనక వరసలో నిలబడి ఆ సీటునే చూస్తున్నాను. అడిగితే మాస్టారు, "నువ్వు బానే వాయిస్తావులేరా" అని వేరే మాటలోకి వెళ్ళిపోయేవాడు. 'బానే' అనే మాటలో ఎంత వద్దు ఉంటుందో నాకప్పుడే తెలిసింది.

సరిగ్గా ఆ సమయంలోనే చీరాల నుంచి ఒక పెద్దాయన మాస్టారి ఇంటికి వచ్చాడు. జీవితమంతా పొగాకు ఆకు చేత్తో పట్టుకుని, వాసన చూసి, అది ఏ రకమో చెప్పడమే ఆయన ఉద్యోగం. ఇంకో నెలన్నరలో రిటైరవుతున్నాడు. వాడరేవులో ఒక గెస్ట్‌హౌస్‌లో తోటివాళ్ళందరికీ భోజనాలు, మధ్యాహ్నం నుంచి మా పాటలు. చొక్కా జేబులోంచి ఒక క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"మిగతా పాటలు మీ ఇష్టమండీ. ఇదొక్కటి మాత్రం వాయించాలి."

పెట్టి విన్నాం. గరగరా ఒకటే రొద. గ్లాసుల చప్పుడు, ఎవరో నవ్వడం, ఒకాయన ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా మాట్లాడటం. వెనక బాకాలూ డ్రమ్సూ. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, అమెరికాలో ఏదో హోటల్ హాల్లోంచి రేడియోలో నేరుగా వచ్చిన కచేరీ అట. జనం డాన్సు చెయ్యడానికి వాయించే బ్యాండు. ఆ రేడియో కార్యక్రమాన్ని ఎవరో రికార్డు వేస్తే, పెద్దాయన కుర్రతనంలో ఎక్కడో ఆ రికార్డు దొరికి, తర్వాత క్యాసెట్‌కి ఎక్కించుకున్నాడట. మాట్లాడే ఆయన ఇంకా ముగించకముందే, ఆ మాటల కిందనుంచి ఒక గిటార్ లేచింది.

"ఇది పాట కాదు గదండీ, ఎవరూ పాడట్లా" అన్నాడు మాస్టారు.

"పాడేది గిటారేనండీ" అన్నాడు పెద్దాయన.

మాస్టారు నావైపు తిరిగాడు. హైదరాబాద్ వెళ్ళే మనిషి ఊళ్ళో ఉన్నా మనసు అప్పటికే ఇక్కడ లేదు. "నెలన్నర టైముందిరా. ఇది క్యాసెట్‌లో ఉన్నట్టు దించు. దించావా, లీడ్ నీది. లేదా, విజయవాడ నుంచి మనిషిని పిలిపిస్తా. తర్వాత నన్ననమాక."

ఆ క్యాసెట్ పట్టుకుని ఇంటికొచ్చాను. జనవరి వెళ్ళిపోతోంది. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఊళ్ళో నిశ్శబ్దంగా ఉండే చోటు అదొక్కటే. కాపలా పేరుతో టేప్‌రికార్డరూ గిటారూ తీసుకుని అక్కడ చేరేవాణ్ణి. పక్కన అమ్మ కూర్చుని తాలుకాయలు ఏరేది. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. ఎర్రటి కాయల్లో ఒక్కటి మిగిలినా గుంటూరు మిర్చి యార్డులో కొనేవాళ్ళు మొహం చిట్లిస్తారు.

ఆ గిటారాయన వేగం నా చెవికి అందేది కాదు. దానికో ఉపాయం ఉంది, మా లైనులో అందరికీ తెలిసిందే. నాలుగు సెల్స్ పట్టే టేప్‌రికార్డరులో మూడు కొత్తవి, ఒకటి అయిపోయింది వేస్తే, అది పాతబడ్డ ఎడ్లబండిలా మెల్లగా తిరుగుతుంది. స్వరాలు ఒకదాని వెనక ఒకటి వరసలో నిలబడతాయి. నాకు స్వరలిపి రాదు. రూళ్ళ నోటుబుక్కులో నా లిపి నేనే పెట్టుకున్నాను. మూడో తీగ మీద ఏడో మెట్టు, అంటే గిటార్ మెడ మీది ఏడో కమ్మీ దగ్గర నొక్కేది, అయితే మూడు కింద ఏడు. బడిలో మానేసిన భిన్నాలన్నీ అక్కడ తిరిగొచ్చి నా నెత్తినెక్కాయి. రెండు స్వరాలు వినడం, టేపు వెనక్కి తిప్పడం, తుమ్మడం, రాసుకోవడం. మిరపఘాటుకి తుమ్ము ఎప్పుడొస్తుందో చెప్పలేం. కొన్నిచోట్ల తుమ్ము కూడా రాసేశాను, ఏదో స్వరమనుకుని.

"అదే ముక్క ఎన్నిసార్లు తిప్పుతావురా" అంది అమ్మ మూడో రోజు. "వాడు చెప్పేది నీకింకా ఎక్కలేదా?"

"వాడు చెప్పేది వాడికే ఎక్కిందో లేదో అని చూస్తున్నా."

"అయితే వాడు తేల్చుకునేలోపు ఈ తాలుకాయలు ఏరు."

వారం తిరిగేసరికి దాని ఎముకలు కనబడ్డాయి. రిథమ్ వాయించేవాణ్ణి కాబట్టి గిటార్ కన్నా ముందు దాని కింద తిరిగే కార్డులే, అంటే మూడు నాలుగు స్వరాలు కలిపి కొట్టే గుత్తులే దొరికాయి. పన్నెండు గళ్ళు, ఒక్కో గడికి నాలుగు దెబ్బలు. ఆ పన్నెండూ అయ్యాక మళ్ళీ మొదటికి. అది ఒక చుట్టు. నాలుగు గళ్ళు ఇంట్లో ఉంటాడు. రెండు గళ్ళు పక్కింటికెళ్తాడు. మళ్ళీ ఇంటికొచ్చి రెండు. తర్వాత ఊరి చివరిదాకా వెళ్ళి అక్కడ రెండు, చివరికి ఇల్లు చేరి రెండు. దీన్నే బ్లూస్ అంటారని పెద్దాయన చెప్పాడు. ఇంతేనా అనిపించింది. మా ఊళ్ళో పాలుపోసేవాడు కూడా రోజూ ఇంతకంటే ఎక్కువ తిరుగుతాడు. కానీ ఆ గిటారాయన మూడు చుట్లు తిరిగాడు, ఏ రెండు చుట్లూ ఒకేలా తిరగలేదు. అదే నన్ను పడుకోనివ్వలేదు, కూర్చోనివ్వలేదు.

మూడో చుట్టు సగం దాటాక ఇంకో సంగతి ఉంది. ఎనిమిదో గడి అయ్యేసరికి ఆ ఇంగ్లీషాయన మళ్ళీ మొదలెడతాడు. అతని మాటల కింద గిటార్ చిన్నదై, చిన్నదై, పోతుంది. ఊరి చివరకి బయల్దేరినవాడు ఇంటికి వచ్చాడో లేదో తెలియదు. చివరి నాలుగు గళ్ళూ లేవు.

మా వీధి కొసన సన్నాయి వాయించే పెద్దమనిషి ఉండేవాడు. వరస కలుపుకుని బాబాయ్ అనేవాణ్ణి. చుట్టుపక్కల పది ఊళ్ళ పెళ్ళిళ్ళు ఆయన ఊపిరి మీద జరిగాయి. ఒక మధ్యాహ్నం టేప్‌రికార్డరూ గిటారూ పట్టుకెళ్తే, అరుగు మీద కూర్చుని సన్నాయి పీకలు నీళ్ళలో నానేసుకుంటున్నాడు.

"ఏరా, మొహం అట్టా పెట్టావ్. ఎవరు పోయారు?"

"ఎవరూ పోలా. ఇది విను బాబాయ్."

మూడుసార్లు విన్నాడు, తొడమీద చెయ్యేసి తాళం కొట్టుకుంటూ. "ఆది తాళం అనుకో, ఎనిమిది దెబ్బలకి ఒక ఆవర్తం. ఆరు ఆవర్తాలకి ఒక చుట్టు తిరుగుతున్నాడు. సమం మీద, అదే మొదటి దెబ్బ మీద, ఒక్కసారి కూడా ఎక్కడు చూడు, ఎత్తుగడంతా దాని పక్కన. మూడో చుట్టులో నాలుగు ఆవర్తాలయ్యాక కరెంటు పోయింది."

"కరెంటు కాదు, రేడియోవాళ్ళ టైం అయిపోయిందంట."

"ఏదైతేనేం. మనిషిని మధ్యలో లేపేశారు." మళ్ళీ తిప్పమన్నాడు. "ఈయనకి రెండు గాంధారాలున్నాయిరా."

అంతర, సాధారణ అని వాటి పేర్లు చెప్పాడు. నేను పెద్ద గ, చిన్న గ అని రాసుకున్నాను. ఒకే రాగంలో రెండూ ఏమిటని ఆయన నొసలు ముడేశాడు. అప్పుడు నాకు తెలిసింది ఆయనకి తెలియలేదు, జీవితంలో ఆ ఒక్కసారే. ఇంట్లో ఉన్నంతసేపూ పెద్ద గ. ఐదో గడిలో పక్కింటికి వెళ్ళగానే కింద కార్డు మారుతుంది, ఆ కార్డులో చిన్న గ ఉంది. ఆయన అదే మాట మాట్లాడుతూ ఆ ఒక్క స్వరాన్ని ఒక మెట్టు దించుతాడు. పక్కింట్లోకి బయట కాళ్ళు కడుక్కుని వెళ్ళినట్టు. నా గిటార్ మీద కార్డులు వాయించి చూపించాను. బాబాయ్ పీక నీళ్ళలోంచి తీసి పక్కన పెట్టాడు.

"అయితే నువ్వు వెనకాల నిలబడి వాయించేదానికి అర్థముందన్నమాట" అన్నాడు. పొగిడాడో తిట్టాడో అడగలేదు.

"ఇంత బాగా ఎవరు కట్టుంటారు బాబాయ్ దీన్ని?"

"కట్టడమేందిరా. అప్పటికప్పుడు పుట్టిస్తున్నాడు. ముహూర్తం ఇంకా రాలేదు, పంతులుగారు చెయ్యెత్తలేదు, అప్పుడు నేనేం చేస్తా? రాగం సాగదీస్తా. అదే ఇది."

నేను నమ్మలేదు. మా లోకంలో వాయించేది ఏదైనా ముందే ఎక్కడో ఉండాలి. "ఇంత శుభ్రంగా అప్పటికప్పుడు వాయిస్తారా ఎవరన్నా?"

"శుభ్రమా? రెండో చుట్టు పెట్టు." పెట్టాను. ఏడో గడి దగ్గర వేలు పైకెత్తాడు. "ఇక్కడ వేలు జారింది. విన్నావా. ఒక మెట్టు పక్కన పడ్డాడు. ఇప్పుడు చూడు, మళ్ళీ అక్కడికే కావాలని వచ్చి మళ్ళీ దానిమీదే తొక్కాడు. రాసుకున్నది వాయించేవాడు ఒకసారి తప్పితే రెండోసారి దిద్దుకుంటాడు. ఈయన తప్పుని ఇంకోసారి చేసి దాన్ని ఒప్పు చేశాడు. అది పుట్టించేవాడి పని."

ఆ మాట వినాల్సిన చోట వినకుండా, నాకు పనికొచ్చే చోట విన్నాను. జారిన స్వరాన్ని కూడా నోటుబుక్కులో జాగ్రత్తగా ఎక్కించాను. ఎక్కడ జారాలో అక్కడే జారడం పది రోజులు సాధన చేశాను. అంత నమ్మకంగా తప్పు చెయ్యడం నేర్చుకున్నవాడు మా జిల్లాలో ఇంకొకడు ఉండడు.

కానీ ఆ నాలుగు గళ్ళు. అన్నం తింటుంటే ఎనిమిది దాకా వచ్చి ఆగేది బుర్ర. పత్తి మూటలు ఎత్తుతుంటే ఎనిమిదో అడుగు దగ్గర కాలు ఆగేది. ఎక్కడో ఒకచోట పూర్తి క్యాసెట్ ఉండి తీరుతుందని నాకు గట్టి నమ్మకం. పాటన్నాక చివర లేకుండా ఉంటుందా? గుంటూరులో క్యాసెట్ షాపులన్నీ తిరిగాను. ఏం కావాలంటే ఏం చెప్పాలి? పేరు తెలియదు. పాడి వినిపించాను. ఒక షాపాయన నేను పాడింది పూర్తిగా విని, "బాగుందయ్యా, ఎప్పుడు రిలీజు?" అన్నాడు. ఇంకొకాయన టేపుల మీద దుమ్ము దులుపుతూ, "చివర నాలుగు ముక్కలే కావాలా? ముందుది వద్దా?" అని అడిగాడు. ఒంగోలు వెళ్ళాను. పనేమీ లేకపోయినా తెనాలి వెళ్ళాను. బస్సు కదిలితే కాస్త నెమ్మదించేవాణ్ణి, ఆగితే మళ్ళీ మొదలు.

చివరికి చీరాల వెళ్ళి పెద్దాయననే అడిగాను. ఆయన వరండాలో పడక్కుర్చీ, దాని పక్కనే ఒక పాత టేప్‌రికార్డరు.

"అంతే బాబూ. వాళ్ళకిచ్చిన టైం అంతే."

"మరి ఆయన వాయించడం ఆపలేదుగా సార్?"

"ఆపి ఉండడు. హాల్లో ఉన్నవాళ్ళు విన్నారు. మనకి రాలేదు."

"మీకేమీ అనిపించదా సార్?"

ఆయన నవ్వాడు. "ముప్పై ఏళ్ళుగా వింటున్నాను. ప్రతిసారీ ఈసారన్నా ఆ మాట్లాడేవాడు నోరు మూస్తాడేమో అనిపిస్తుంది."

పొగాకు వాసన చూసి రకం చెప్పే మనిషి, జీవితంలో తేల్చని ఒకే ఒక్క సంగతి అదేనేమో. తిరుగు బస్సులో నాకు లీడ్ సీటు సంగతి కాసేపు గుర్తు రాలేదు. అది కూడా ఒక వింతే.

పదిహేను రోజులుందనగా రిహార్సల్ పెట్టారు. నోటుబుక్కు ముందు పెట్టుకుని మొదలెట్టాను. రెండో గడిలోనే అందరూ ఆగిపోయారు. మాస్టారు చెవులు మూసుకున్నాడు. ఆయన క్యాసెట్‌ని కరెంటు మీద విని కీబోర్డు సరిచేసుకున్నాడు. నేను అయిపోయిన సెల్‌తో విన్నాను. టేపు మెల్లగా తిరిగితే స్వరం కూడా దిగుతుంది గదా. నెల రోజుల పాటు మొత్తం ఒక మెట్టు కిందికి దించుకుని కూర్చున్నాను.

"క్యాసెట్‌లో ఉన్నట్టు దించమంటే మరీ ఇంత కిందకి దించావేందిరా" అన్నాడు మాస్టారు.

సిగ్గుతో ఇంటికొచ్చి అన్ని అంకెలకీ ఒకటి కలిపాను. నేను వేలు పెట్టకుండా తీగని వదిలేసి మోగించిన చోట కూడా ఇప్పుడు వేలు పెట్టాలి. మూడు పేజీలు మార్చాక చెయ్యి ఆగింది. కింద ఉన్నప్పుడు నా చెయ్యి గిటార్ మెడమీద పైకీ కిందకీ కోతిలా గెంతేది. ఒక్క మెట్టు ఎక్కించేసరికి, ఆరో మెట్టు దగ్గర చెయ్యి పెట్టి ఉంచితే దాదాపు అన్ని స్వరాలూ వేళ్ళ కిందికే వస్తున్నాయి. కార్డు పట్టుకున్న చేతి ఆకారం ఉంది చూశారూ, దాని చుట్టూనే మొత్తం. ఆయన ఎక్కడికీ పరిగెత్తలేదు. చెయ్యి ఒకచోట ఉంచి, వేళ్ళనే తిప్పాడు. నెల రోజులు ఆయన ఏం వాయించాడో రాశాను. ఎలా అనుకున్నాడో ఆ రోజు తెలిసింది. ఒక్క సెల్ కొత్తది వేసుకుని ఉంటే మొదటి వారంలోనే తెలిసేది.

ఆ నాలుగు గళ్ళ గురించి మాస్టారికి చెబితే తేలిగ్గా కొట్టిపారేశాడు. "దానికేడుపెందుకురా. క్యాసెట్‌లో ఏముందీ? ఆయన మాట్లాడతాడు, పాట తగ్గిపోద్ది. మన యాంకర్ మాట్లాడతాడు, మనం వాల్యూం తగ్గిద్దాం. ఉన్నది ఉన్నట్టు."

మా యాంకర్ అప్పటికే ఆ ఇంగ్లీషాయన మాటలన్నీ దించేశాడు. ఒక్క ముక్కకి అర్థం తెలియదు. ముక్కుతో మాట్లాడటం, మధ్యలో ఆ చిన్న నవ్వు, చివర దగ్గు లాంటిది, అన్నీ ఉన్నాయి. అర్థం తెలిసినవాళ్ళు కూడా అంత బాగా చెప్పలేరు.

వాడరేవులో ఆ రోజు గాలి మా మైకుల్లోకి దూరి హోరెత్తిస్తోంది. గెస్ట్‌హౌస్ ముందు ఇసకలో షామియానా. అటుపక్క పడవల దగ్గర ఎండబెట్టిన చేపల వాసన, ఇటుపక్క బిర్యానీ వాసన. పొగాకు వ్యాపారంలో ఉన్న పెద్దమనుషులంతా తెల్లచొక్కాలతో కుర్చీల్లో కూర్చున్నారు. ముందు వరసలో మధ్యన మెళ్ళో దండతో పెద్దాయన. సినిమా పాటలు నాలుగయ్యాయి. మాస్టారు నాకు కళ్ళతో సైగ చేశాడు. వైరు పెట్టుకున్నానో లేదో రెండుసార్లు చూసుకుని ముందుకొచ్చాను.

యాంకర్ ముక్కుతో మొదలెట్టాడు. ఆ మాటల కిందనుంచి లేచాను. మొదటి చుట్టు అచ్చం. రెండో చుట్టులో ఏడో గడి దగ్గర ఎక్కడ జారాలో అక్కడే జారాను, రెండోసారి అక్కడే తొక్కాను. మాస్టారి మొహంలో చిరునవ్వు కనబడింది. సీటు నాదైపోయిందని ఆ చిరునవ్వులోనే చదువుకున్నాను. మూడో చుట్టు. ఐదు, ఆరు, చిన్న గ. ఏడు, ఎనిమిది. యాంకర్ మైకు నోటి దగ్గరకి తెచ్చుకుని ఊపిరి పీల్చాడు.

పెద్దాయన చెయ్యెత్తాడు. కూర్చున్నచోటునుంచే, అరచెయ్యి యాంకర్ వైపు పెట్టి. ఉండమన్నట్టు.

యాంకర్ తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయాడు. అతను మాట్లాడితే కదా వాల్యూం తగ్గించాలి. ఎవరూ తగ్గించలేదు. డ్రమ్సు, బాస్, కీబోర్డు మీద మాస్టారి కార్డులు, అన్నీ ఊరి చివరికి నడిచి వెళ్ళిపోయాయి. నేనొక్కణ్ణే ఇంటి ముందు నిలబడిపోయాను. నా నోటుబుక్కులో ఆ తర్వాత తెల్లకాగితమే.

తొమ్మిదో గడి అలాగే పోయింది. చెయ్యి ఆరో మెట్టు దగ్గరే ఉంది. పదో గడిలో వేలు ఏదో ఒకటి నొక్కింది. ఎక్కడ పడిందో నాకు తెలియదు, అది సరైన చోటు కాదని మాత్రం తెలిసింది. భయంతో మళ్ళీ దాన్నే నొక్కాను. కింద కార్డు మారింది. అది మారగానే ఆ స్వరం దాని చోటు అదే వెతుక్కుంది. ఆ పైన ఇంకేదో వచ్చింది. వేళ్ళు కదిలాయి. చివరి గడిలో ఇల్లు చేరాను, కాస్త ఆలస్యంగా, గుమ్మం తట్టుకుని.

చప్పట్లు మామూలుగానే కొట్టారు. పెద్దమనుషుల ధ్యాస బిర్యానీ మీద ఉంది. పెద్దాయన మాత్రం లేచి స్టేజీ దగ్గరకి వచ్చాడు. దండ ఒక పక్కకి జారిపోయి ఉంది.

"ముందరిదంతా నా దగ్గర ఉంది బాబూ. ఆ చివర్ది ఇంకొక్కసారి వాయించు."

వాయించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇది కాదు." మళ్ళీ వాయించాను. ఇంకేదో వచ్చింది. "ఇదీ కాదు." నాకు గుర్తుంటే కదా. ఎవరెవరి పాటలో దించినవాణ్ణి, నేను వాయించిన నాలుగు గళ్ళు నేనే దించుకోలేకపోయాను. మూడోసారి నా అవస్థ చూసి ఆయన నా భుజం మీద చెయ్యేశాడు.

"పోనీలే. విన్నాను."

ఆ మాట అంటుంటే ఆయన కళ్ళలో తడి ఉందో, సముద్రపు గాలో, నేను పరీక్షగా చూడలేదు. చూస్తే ఏదో ఒక జోకు వేసేవాణ్ణి, అది నాకిష్టం లేకపోయింది.

తిరుగు వ్యానులో మాస్టారు నా పక్క సీట్లో కూర్చున్నాడు. బాపట్ల దాటాం. "లీడ్ నీదేరా" అన్నాడు. "కాకపోతే పెళ్ళిళ్ళలో ఇట్టాంటి వేషాలు వెయ్యమాక. జనం పాట వినడానికొస్తారు."

ఆరేళ్ళు చూసిన సీటు వచ్చింది. సంతోషం కూడా వచ్చింది, కాదనను. కానీ పొన్నూరు దగ్గర వ్యాను ఆగితే నేను దిగి, అటూ ఇటూ నడిచి, మళ్ళీ ఎక్కాను. వేళ్ళు తొడమీద ఆడుతూనే ఉన్నాయి, ఆ పదో గడి ఏమిటో వెతుక్కుంటూ.

మర్నాడు పొద్దున్నే బాబాయ్ అరుగు మీదకి వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను. పెద్దాయన చెయ్యెత్తడం, యాంకర్ నోరు, జారడం, మళ్ళీ తొక్కడం, అంతా. లీడ్ వచ్చిందన్నాను. ఆయన పీక శుభ్రం చేసుకుంటూ ఊఁ కొట్టాడు. ఇంకాస్త కదులుతాడేమోనని అసలు సంగతి మళ్ళీ చెప్పాను.

"ఆ నాలుగు గళ్ళూ నా సొంతం బాబాయ్. ఎవరి దగ్గరా దించలా."

"మంచిదిరా" అన్నాడు తల ఎత్తకుండా. "ఇక మిగతా ముప్పై రెండు గళ్ళూ ఆ గిటారాయనయి ఆయనకిచ్చెయ్."